మాట్లాడకూడని గంట

మాట్లాడకూడదు, అన్నాడు స్కాన్ తీసే గౌరీశంకర్. నమలకూడదు, ఫోన్ పట్టుకోకూడదు, కాళ్లు ఊపకూడదు. సూది తీసిన చోట దూది అదిమి, ఆ చేతిని పసిబిడ్డను పడుకోబెట్టినంత నెమ్మదిగా పక్కమీద పెట్టి, "మౌసా, ఓ గంట సేపు మీరు లేనట్టే ఉండాలి" అన్నాడు. లేనట్టే. అద్దానికి ఇవతల బల్లమీద కూర్చున్న రింకికి ఆ మాట చేపముల్లులా గొంతులో అడ్డం పడింది. అతను అన్నదాంట్లో తప్పేమీ లేదు, రోజూ పదిమందికి అలాగే చెబుతాడు కాబోలు, బరంపురంలో పుట్టి పెరిగిన రైల్వేవాళ్ల అబ్బాయి, ఒడియా వరసలు తెలుగులో కలిపేసే అలవాటు, మాటలో మర్యాద ఉంది, చేతిలో నేర్పు ఉంది. కానీ తన అయ్యకి లేనట్టు ఉండడం ఎప్పుడు చేతనైంది గనక. సోనేపూర్ రేవులో అలల హోరుమీంచి అవతలి తాడు పట్టుకున్నవాళ్లకి వినబడేలా అరిచి అరిచి తయారైన గొంతు అది. ఇంట్లో ఉప్పు అడిగినా ఊరంతా వినేది. ఆ మనిషి ఇప్పుడు నీలం దుప్పటి కింద, కళ్లు పైకప్పుకి అప్పగించి, పెదాలు బిగబట్టి, బడిలో తిట్లు తిన్న పిల్లాడిలా పడుకున్నాడు. వేళ్లు మాత్రం దుప్పటి అంచుని పట్టుకుని ఉన్నాయి. వదలమని చెప్పాలా? వేళ్లు కూడా తాగుతాయి కదా.

తాగుతాయి. ఇప్పుడు అతని ఒంట్లో ప్రతి కండరమూ తాగుతోంది. ఎక్కించింది చక్కెర, దానికి రేడియోధార్మికత ఉన్న చిన్న తోక. భువనేశ్వర్‌లో చీకటితోనే తయారై, సీసపు డబ్బాలో కారెక్కి, దారి పొడుగునా కరిగిపోతూ, సగానికి సగం మాయమయ్యాక బరంపురం చేరిన మందు. ఒంట్లో ఏది పనిచేస్తే అది ఆ చక్కెరను లాక్కుంటుంది. మాట్లాడితే గొంతు లాక్కుంటుంది. అందుకే మౌనం. అన్నిటికంటే ఆకలిగా లాక్కునేది మరొకటుంది, దానికోసమే ఇదంతా. కుడి ఊపిరితిత్తి పైభాగంలో ఒక మచ్చ. ఎప్పుడో గుజరాత్ బోట్లమీద పనికి వెళ్లిన రోజుల్లో పట్టుకున్న క్షయ వదిలివెళ్లిన గుర్తే కావచ్చు. కాకపోవచ్చు. డాక్టరు ఫిల్ముని కిటికీకేసి పట్టుకుని, ఆమెవైపు చూడకుండా, పాత మచ్చయితే చల్లగా ఉంటుంది, మరొకటైతే వెలుగుతుంది అన్నాడు. ఒకచోటే వెలుగుతుందా, ఇంకా ఎక్కడెక్కడ వెలుగుతుందా, అది ముఖ్యం. తర్వాత, అప్పుడే గుర్తొచ్చినట్టు, పాత క్షయ మళ్లీ రగిలినా వెలుగుతుందనుకోండి, అన్నాడు. అనుకోండి. ఆ ఒక్క మాట పట్టుకుని ఆమె వారం రోజులుగా వేలాడుతోంది.

వెలుగంటే ఏమిటో ఆ డాక్టరుకంటే ఆమెకే బాగా తెలుసు, తెలిసినందువల్ల ఒరిగిందేమీ లేదు. ఆ తోకలోంచి పాజిట్రాన్ పుడుతుంది, ఎలక్ట్రాన్‌కి ఎదురుబొమ్మ. పుట్టి ఒక మిల్లీమీటరు నడుస్తుందో లేదో, ఒంట్లోని ఏదో ఎలక్ట్రాన్‌ని తాకి రెండూ మాయమైపోతాయి, మాయమైన చోటు నుంచి రెండు కిరణాలు ఎదురెదురు దిక్కులకి పారిపోతాయి. ఆ రెంటినీ పట్టుకుని, అవి బయల్దేరిన చోటు లెక్కకట్టేదే పక్కగదిలోని గుండ్రటి యంత్రం. ఇన్నేళ్లుగా ఆమె బతుకు పాజిట్రాన్లతోనే. కానీ అవి ఆకాశంలోవి, అంతరిక్ష కేంద్రానికి తగిలించిన పరికరం లెక్కపెట్టి పంపినవి, లాప్‌టాప్‌లో చుక్కలు, చుక్కల మీదుగా వంపు తిరిగిన గీత. మన గెలాక్సీ నిండా కంటికి కనబడని పదార్థం ఏదో ఉంది, దాని బరువు లాగుడులో తెలుస్తుంది గాని మనిషికి దొరకదు. దాని కణాలు రెండు ఢీకొని నశిస్తే పడే తునకల్లో పాజిట్రాన్లుండాలి. కాబట్టి వాటిని లెక్కపెట్టు, ఉండాల్సినదానికంటే ఎక్కువున్నాయేమో చూడు. ఎక్కువే ఉన్నాయి. అందులో ఎవరికీ పేచీ లేదు. ఎక్కడివన్నదే పేచీ. పాజిట్రాన్‌ని నువ్వెక్కణ్ణుంచి వచ్చావని అడిగితే చెప్పదు, దారంతా అయస్కాంత క్షేత్రాలు దాన్ని వంచి, తిప్పి, పల్లెపల్లెకీ ఆగే భంజనగర్ బస్సులా ఎక్కడెక్కడో తిప్పి తెచ్చి పడేస్తాయి. ఆమె రాసిన వ్యాసాన్ని పరిశీలించినవాడెవరో ఒక్క వాక్యం రాశాడు: ఈ ఎక్కువంతటికీ దగ్గర్లో ఉన్న చచ్చిన నక్షత్రం ఒక్కటి సరిపోతుంది. పల్సార్. గిరగిర తిరుగుతూ పాజిట్రాన్లు చిమ్మే బూడిదముద్ద. ఎంత కోపమొచ్చింది ఆ వాక్యం మీద! ఎన్ని రోజులు ఆ పల్సార్‌ని పక్కకి నెట్టడానికి గీతను అటు వంచి ఇటు వంచి, అంకెల్ని బతిమాలి, ఇది నక్షత్రం కాదు, ఇది అదే, నేను వెతికేదే, కనబడనిదే. అలాంటి మనిషి ఇవాళ స్కాన్ సెంటర్ గోడకేసి చూస్తూ, ఒక్క పల్సార్ ఉంటే చాలు, దేముడా, ఒక్క బూడిదముద్ద, ఒక్క పాత మచ్చ, అనుకుంటోంది.

ఒకసారి అయ్యకి ఇదంతా చెప్పబోయింది. ఎండలో వల బాగుచేసుకుంటూ ఆయన విన్నాడు, విన్నట్టు కనబడ్డాడు. తర్వాత, "కనబడనిదాన్ని ఎతకడానికి జీతం ఇత్తారేటి? మన రేవులో అందరికీ ఇప్పించియ్యే. ఈ ఏడాది సేపలన్నీ కనబడనివే" అన్నాడు. అందరూ నవ్వారు, ఆమె కూడా. ఆ నవ్వులో దగ్గు వచ్చింది ఆయనకి, తల పక్కకి తిప్పుకుని దగ్గాడు. అప్పటికే మొదలైందా? ఆ ఎండలోనే ఉందా? అప్పుడు కూడా ఆమె ఆకాశం గురించే మాట్లాడుతోంది.

పక్కన బల్ల కిర్రుమంది. దానమ్మత్త టీ తాగి వచ్చింది, చీర కొంగుతో మూతి తుడుచుకుంటూ. బడా బజారులో బుట్ట ఇంకెవరికో అప్పగించి నేరుగా వచ్చేసిన మనిషి, ఆవిడ కూర్చోగానే మందువాసనల నడుమకి చేపల వాసన వచ్చి కూర్చుంది. రింకికి ఒక్క క్షణం ప్రాణం లేచొచ్చినట్టైంది. అద్దంలోంచి తమ్ముణ్ణి పరకాయించి చూసి, "ఏటే రింకమ్మా, గుడ్లు కూడా తిప్పట్లేదు ఈడు. ఉన్నాడేటి?" అంది.

"కదలకూడదత్తా."

"ఓలమ్మ, ఇన్నేళ్లకి ఈడి నోరు కట్టించినారు. ఆ మందేదో మీ అమ్మకి కూడా కొనిపెట్టు, అవసరమొత్తది. నిన్న సందేల సూడాల్సింది ఈడి కేకలు. కవళ్ల సేపలు కమ్మీసినాయని అన్నారో లేదో, పంచె ఎగ్గట్టీసి తాడు కాడికి ఎలిపోనాడు. నువ్వు రోగిష్టోడివిరా అంటే ఇంటాడా? కుడితాడు కొస పట్టుకున్నోడు పట్టుకున్నట్టే, వల ఒడ్డెక్కేదాకా ఒగ్గలేదు."

రింకి తల తిప్పింది. "ఎవరు?"

"ఎవరేటి? మీ అయ్యే, మా మసేనుగాడు."

"నిన్న వల లాగాడా? నిన్నా?"

"లాగడా మరి? అలివి వల నిండీసింది. మోత్తే రెండు బండ్లు."

"మరి ఇందాక అడిగారు కదా, నిన్న బరువు పని చేశారా అని. చెయ్యలేదన్నాడు."

దానమ్మ వింతగా చూసింది. "పనేటే? ఏట కదా."

ఏట. ఆ రెండక్షరాలూ ఆమె లోపలికి దిగి, దిగినచోట ఒక తలుపు తెరిచాయి. ఏట, చేపలవేట, పని కాదు. సోనేపూర్లో ఎప్పుడూ కాదు. పని అంటే రైలెక్కి గుజరాత్ వెళ్లి ఇంకొకడి బోటుమీద చేసేది, గోపాలపూర్ పోర్టులో మూటలు మోసేది, మంచు ఫ్యాక్టరీలో చేతులు మొద్దుబారేది. ‘పనికెల్లాడు’ అంటే ఊళ్లో లేడని. ‘ఏటకెల్లాడు’ అంటే వస్తాడని. ఒకే ఇంట్లో ఈ రెండు మాటలూ రెండు వేరువేరు ఏడుపులు. ఇందాక గౌరీశంకర్ అడిగినప్పుడు అయ్య గర్వంగానే చెప్పాడు, "పనా? నాను పని మానీసి శానాళ్లైపోనాది బాబూ" అని. అబద్ధం కాదు. ఒక్క పిసరు కూడా అబద్ధం కాదు. ఆమె పక్కనే నిలబడి విన్నది. అదే ఒడియాలో అడిగితే, మధ్యలో దూరి ఇటుదటూ అటుదిటూ చెప్పేదేమో. తెలుగులో అడిగిన ప్రశ్నకి తెలుగులో జవాబు, మధ్యలో తనకేం పని అనుకుంది. తనకేం పని. అసలు ఆ మాట అయ్యకి అందించింది ఎవరు? మొన్న ఫోన్ చేసి, డాక్టరు చెప్పాడయ్యా, రెండు రోజులు ఏ పనీ సెయ్యకు, అన్నది ఎవరు? ఆయన బుద్ధిగా ఏ పనీ చెయ్యలేదు. కవళ్లు వచ్చాయి, ఏటకెళ్లాడు.

ఇప్పుడు అద్దం అవతల ఆ భుజాలు తాగుతున్నాయి. నిన్నటి అలసట ఇంకా తీరని కండలు, వీపు, ముంజేతులు, ఇసకలో మడమలు తన్నిపెట్టిన పిక్కలు, పక్కటెముకల మధ్య సన్నటి కండరాలు, అన్నీ ఆకలిమీదుండి ఆ చక్కెరను లాక్కుంటున్నాయి. కుడి తాడు. కుడి భుజం. కుడివైపునే, పైనే, ఆ మచ్చ. అప్పుడామెకి లోపల ఏదో వెచ్చగా కదిలింది. ఏమిటది అని చూసుకుంటే, సిగ్గులేకుండా, సంతోషం. ఇక ఏది వెలిగినా వల వెలిగిందనొచ్చు. డాక్టరు ఫిల్ము పట్టుకుని నొసలు ముడిస్తే, అప్పుడు, అప్పుడు మాత్రమే, అయ్యో సార్, ముందురోజు వల లాగాడు సార్, మాకు తెలీదు సార్, అనొచ్చు. డాక్టరు మళ్లీ కొన్నాళ్లాగి రమ్మంటాడు. ఆ కొన్నాళ్లూ ఏమీ తేలని కొన్నాళ్లు. ఏమీ తేలకపోవడం ఎంత తియ్యగా ఉంటుందో! ఇదిగో దొరికింది పల్సార్. దగ్గర్లోనే ఉంది, పదిమంది చూడగా తాడు లాగింది, కావలసినంత వెలుగు చిమ్ముతుంది. దాన్ని రెండు చేతులా వాటేసుకోబోయి ఆగింది ఆమె, ఎందుకంటే ఆ వాటేసుకునే తీరు తనకి తెలుసు. అంకెల్ని బతిమాలిన తీరే ఇది. అప్పుడు ఉండాలని బతిమాలింది, ఇప్పుడు ఉండొద్దని బతిమాలుతోంది. బతిమాలేది ఒకటే గొంతు. ఇంకా ఘోరం మరొకటుంది. కండలన్నీ కలిసి తాగేస్తే ఆ మచ్చకి మిగిలేది తక్కువ. నిజంగా ఆకలిగొన్నదే అక్కడ కూర్చుని ఉంటే, నిన్నటి వల దాని నోటికాడి ముద్ద లాగేసుకుంటుంది, అది మసకగా, మర్యాదగా, ఏమీ కానట్టు కనబడుతుంది. చూసే డాక్టరుకి వల సంగతి తెలియకపోతే, పర్వాలేదు, పాతదే, ఇంటికెళ్లండి అంటాడు. వాళ్లు ఇంటికెళతారు. ఆ మాట కోసమే కదా వారం నుంచి ఎదురుచూస్తోంది.

చెప్పాలి. చెబితే స్కాన్ ఆపేస్తారా? అంత దూరం నుంచి కరుగుతూ వచ్చిన మందు ఊరికే కరిగిపోతుందా? అయ్య మళ్లీ సూదికి ఒప్పుకుంటాడా, బస్సెక్కుతాడా? ఇవాళ రావడానికే ఎన్ని అలకలు. గంట సగం దాటిపోయింది కాబోలు. అద్దంలో అయ్య ఛాతీ నెమ్మదిగా లేస్తోంది, పడుతోంది, నీలం దుప్పటి లేస్తోంది, పడుతోంది, లేచినప్పుడు మడతల నీడ నల్లగా కిందికి జారుతోంది.

నీరు నల్లబడింది. ఆమె అలాగే అరిచింది చిన్నప్పుడు, ఇసకదిబ్బ మీద నిలబడి. దిబ్బమీద ఒక మనిషి కాపు ఉంటాడు, చేపలగుంపు ఒడ్డుకి దగ్గరైతే నీరు నల్లబడుతుంది, చూసినవాడు తలగుడ్డ విప్పి ఊపుతాడు, కిందున్నవాళ్లు పడవ దించుతారు. ఆరోజు కాపున్న మనిషి నీళ్లు తాగడానికి దిగాడు. నల్లటి మచ్చ, కదులుతోంది, ఎంత పెద్దదో! అయ్యా, నల్లబడింది, నల్లబడింది! అయ్య ఆమె గొంతు విన్నాడు. ఇంకెవరినీ అడగలేదు. పడవ దించాడు, వల దించాడు, ఊరంతా రెండు తాళ్లు పట్టుకుంది. వల ఒడ్డెక్కేసరికి అందులో నాచు, రెండు పీతలు. పైన మబ్బుతునక ఒకటి సముద్రం దాటి పోతోంది, దాని నీడ దానితోపాటు జరుగుతోంది. మబ్బు, మబ్బు అని నవ్వారు పిల్లలు, ఎన్నాళ్లో ఆ పేరు వదల్లేదు. అయ్య మాత్రం తాడు చుట్టుకుంటూ, ఆమెవైపు చూడకుండా, "మబ్బు నడుత్తాదే. గుంపు నిలబడతాది. ఇంకోపాలి కూసింతసేపు సూసి అరువు" అన్నాడు. అంతే. ఇంకోసారి అరవొద్దనలేదు.

ఆమె లేచింది. "ఎక్కడికే?" అంది దానమ్మ. రింకి వరండా చివరికి నడిచి గౌరీశంకర్ గది తలుపు తట్టింది.

"నిన్న ఆయన వల లాగారండీ. ఒడ్డునుంచి లాగే పెద్ద వల. సాయంత్రమంతా."

అతను కుర్చీలోంచి సగం లేచాడు. "అదేంటి మేడమ్! నేను అడిగాను కదా. మీ ఎదురుగానే అడిగాను. పని చెయ్యలేదన్నారు."

"పని చెయ్యలేదు. వేటకి వెళ్లారు."

"వేట పని కాదా?"

"వాళ్లకి కాదు" అంది. అన్నాక ఆ మాట చెవిలో ఎబ్బెట్టుగా మోగింది. "మాకు కాదు."

గౌరీశంకర్ ఆమెను ఒక క్షణం చూసి, నవ్వాలో విసుక్కోవాలో తేల్చుకోలేక, ఫోన్ తీసి డాక్టరుతో ఒడియాలో మాట్లాడాడు. ఆమె ఆ మాటలన్నీ అర్థమవుతూనే అర్థంకానట్టు నేలమీది గచ్చు పగులుని చూస్తూ నిలబడింది. స్కాన్ తీసేయమన్నారు మేడమ్, అన్నాడు చివరికి. మందు వృథా ఎందుకు. వల సంగతి కూడా రాయమన్నారు, దాన్నిబట్టి చూస్తారట. "ఇకమీదట నేను అడిగే ప్రశ్న మార్చుకోవాలి. సముద్రపోళ్లకి వేరే ప్రశ్న" అన్నాడు తనలో తాను.

యంత్రం అయ్యను మింగింది. బయటివాళ్లు లోపలికి రాకూడదన్నాడు గాని తలుపు వెయ్యలేదు. ఆమె గడప ఇవతల నిలబడింది, గడప ఇవతల నుంచి తెర కనబడుతుందని ఇద్దరికీ తెలుసు. "నేనేం చెప్పకూడదు మేడమ్. డాక్టరే చెప్పాలి" అన్నాడతను వెనక్కి తిరక్కుండానే. ఆమె తలూపింది. తెర తెల్లగా ఉంది. ఇక్కడ వెలుగు నల్లగా కనబడుతుందని ఆమెకి తెలుసు, ఎక్కడ పాజిట్రాన్లు ఎక్కువో అక్కడ అంత నలుపు, తెలిసి కూడా సిద్ధంగా లేదు. మెదడు నల్లగా వచ్చింది, అది మామూలే. గుండె. మూత్రాశయం. ఆ తర్వాత అయ్య వచ్చాడు. ముఖం లేదు, చర్మం లేదు, భుజాలు వచ్చాయి, తాడు పట్టిన ముంజేతులు, వెనక్కి వాలిన వీపు, ఇసకలో దిగిన పిక్కలు, కుడివైపు ఎక్కువ, ఎడమవైపు తక్కువ. మంచంమీద పడుకున్న మనిషి లోపల నిన్నటి మనిషి ఇంకా తాడు లాగుతూనే ఉన్నాడు. లేనట్టే ఉండమన్నారు. ఎంత ఉన్నాడో! ఆమె కళ్లు నీళ్లతో మసకబారి, తుడుచుకునేలోపు బొమ్మ తిరగడం మొదలెట్టింది. నెమ్మదిగా, దిబ్బమీంచి చూసే సముద్రంలా. కుడి భుజం నలుపు ముందుకొచ్చింది, ఛాతీని కప్పింది, పక్కకి జరిగింది. జరుగు, జరుగు. కూసింతసేపు చూడు. అరవకు. భుజం వెనక్కి పోయింది, పక్కటెముకల చారలు జారిపోయాయి, మబ్బునీడ నడిచినట్టు నడిచిపోయాయి. అవి పోయిన చోట, లోపల, ఒక గింజంత నలుపు నిలబడి ఉంది. బొమ్మ మళ్లీ తిరిగింది. మళ్లీ అక్కడే. ఇంకెక్కడైనా? కాలేయం, ఎముకలు, మెడ, ఆమె కళ్లు రేవంతా వెతికినట్టు వెతికాయి. కండల నలుపు కిందేమైనా దాగుంటే? కనబడలేదు. లేదు అని కాదు, కనబడలేదు. ఈ రెంటికీ ఉన్న తేడా మీదే కదా ఇన్నాళ్లూ జీతం తీసుకుంది.

బయట, గోడవారగా విడిగా వేసిన కుర్చీలో అయ్యను కూర్చోబెట్టారు. ఒంట్లో మందు ఇంకా చల్లారలేదు, ఎవరూ మరీ దగ్గరికి వెళ్లకూడదు. నీళ్లసీసా సగం ఖాళీ చేసి, గొంతు సవరించుకుని, ఇంతసేపటి మాటలన్నీ ఒక్కసారే మీదపడ్డట్టు ఏదీ ఎంచుకోలేక, చివరికి ఆయన అన్నది ఒక్కటే.

"ఏటి కనబడిందే?"

"ఏట కనబడిందయ్యా. నిన్నటి ఏట. తాడుతో సహా."

మసేను దానమ్మకేసి ఓ చూపు విసిరాడు, దానమ్మ కిటికీలోంచి బయటికి చూడసాగింది. ఆయన పెదాలమీదికి దొంగనవ్వు ఎక్కింది. "మరి కవళ్లు అలా ఒచ్చీసినాయి" అన్నాడు. నవ్వు అలాగే ఉండగా కళ్లు మాత్రం ఆమె ముఖాన్ని దిబ్బమీంచి నీటిని చూసినట్టు చూశాయి. "అదొక్కటేనా?"

ఆమె నోరు తెరిచింది. మచ్చ, క్షయ, అనుకోండి, డాక్టరుగారు చెబుతారు, ఎన్నో మాటలు నాలుకమీదికి వచ్చి నిలబడ్డాయి. "ఇంకోటుంది" అంది.

"మబ్బేటి?"

"తెలీదయ్యా. నడవట్లేదు."

ఆయన తలూపాడు. అరచేతులు తెరిచి చూసుకున్నాడు, తాడు ఒరిసిన చోట కుడి అరచెయ్యి ఎర్రగా ఉంది. దాన్ని మోకాలికి రుద్దుకున్నాడు. అవతల గదిలో ఎవరికో గౌరీశంకర్ చెబుతున్నాడు, మాట్లాడకూడదు, నమలకూడదు.

"ఒంటిదా, గుంపా?"

ఏ రేవులోనైనా అడిగే ప్రశ్నే. ఎప్పుడూ గుంపనే జవాబు కోసమే అడిగేది. ఆమె కుర్చీ లాక్కుని, గౌరీశంకర్ దూరంగా కూర్చోమన్న గీత దాటి, ఆయన మోకాలు తన మోకాలికి తగిలేంత దగ్గరగా వేసుకుంది.

"కనబడినంత మటుకు ఒంటిదే. ఏటన్నది సూదేసి ముక్క తీసి సూడాల."

మసేను సీసాలో మిగిలిన నీళ్లు తాగేసి మూత బిగించాడు. ఇప్పుడు మాట్లాడొచ్చని ఎవరైనా ఆయనకి చెప్పాలేమో అనుకుంది ఆమె.

"ఒంటిదానికి వలెందుకే" అన్నాడు అప్పుడు, నెమ్మదిగా, పక్కగదిలోకి కూడా వినబడనంత నెమ్మదిగా. "గాలం సాలు."